వానసూప్ పుట్టుక

ఉల్లిపాయలు రంగు తిరిగే వేళ గరిటె పట్టుకున్న మనిషిని పలకరించకూడదన్నది ఆ హోటల్ వంటింటి కట్టుబాటు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, అంట్లు తోమే మనిషి దగ్గర్నుంచి పెద్ద వంటమనిషి దాకా అందరూ పాటిస్తారు. బుట్టెడు ఉల్లిపాయలు పెద్ద మూకుట్లో, కొవ్వులో, సన్నని సెగ మీద మెత్తబడతాయి. తెల్లటివి పసుపు తిరుగుతాయి, ఆ పసుపు కాస్తా మెల్లగా రాగిరంగులోకి దిగుతుంది. అక్కడి నుంచి మాడిపోవడానికి ఒక్క తుమ్ము చాలు. ఆ కాసేపూ పక్క పొయ్యి మీద పాలు పొంగినా సరే, గరిటె మనిషిని పిలవరు. ఇంకెవరో పరుగెత్తుకొచ్చి దించుతారు.

యజమానికి ఈ సంగతి తెలియదు. ఆయన వంటింట్లోకి వచ్చేదే అమావాస్యకో పున్నానికో, అదీ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. ఆ రోజు మాత్రం రుమాలు లేకుండా నవ్వు మొహంతో వచ్చాడు. వెంట ఒక రచయిత్రి ఉంది. ఏ వంటకం ఎక్కడ పుట్టింది, ఎవరి చేతిలో పుట్టింది అని ఊళ్ళు పట్టుకు తిరిగి పుస్తకం రాస్తోందట.

"ఇదేనండీ మా వానసూప్ పుట్టిల్లు," అన్నాడు యజమాని, వంటిల్లంతా చేత్తో చూపిస్తూ.

వానసూప్ పుట్టుక గురించి మెనూ కార్డు వెనక ఒక కథ అచ్చేసి ఉంటుంది. ఒక వానకాలం సాయంత్రం, వంటవాళ్ళంతా వెళ్ళిపోయాక, ఒక పెద్దమనిషి నిలువునా తడిసి హోటల్ తలుపు తట్టాడట. ఇప్పటి యజమాని తండ్రి, అంటే పెద్దయ్యగారు, చొక్కా చేతులు పైకి మడిచి తనే పొయ్యి దగ్గరకు వెళ్ళి, ఉన్న ఎముకలు, ఉల్లిపాయలు, రొట్టె ముక్కలతో ఈ సూప్ కాచి ఇచ్చాడట. ఆ పెద్దమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. వంటింట్లో వాళ్ళు ఈ కథ చదివి కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళు. పెద్దయ్యగారికి అగ్గిపుల్ల గీయడం కూడా చేతకాదని, ఆయన కాస్తే మంచినీళ్ళు కూడా అడుగంటేవని వాళ్ళ హాస్యం. అయినా అతిథులెవరైనా అడిగితే చెప్పాల్సిన మాట ఒకటే: "అంతా పెద్దయ్యగారు నేర్పిందేనండీ." ఇప్పుడు ఆ మూకుడు ముందు గరిటె పట్టుకున్న కోడలు కూడా ఆ మాట ఎన్నోసార్లు చెప్పింది.

వంటింట్లో ఆమెను అందరూ కోడలనే పిలుస్తారు. ఆమె అత్త ఇదే పొయ్యి దగ్గర ఏళ్ళ తరబడి నిలబడి, తడి నేల మీద మోకాళ్ళు అరగదీసుకుని ఇంటికి చేరింది. ఆ గరిటె కోడలి చేతికొచ్చింది.

రచయిత్రి మూకుడు మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. "అబ్బ, ఏం వాసనండీ! ఇది మీకెవరు నేర్పారు?"

ఉల్లిపాయలు సరిగ్గా అప్పుడే రాగిరంగులోకి దిగుతున్నాయి. పెద్ద వంటమనిషి దూరం నుంచే వద్దు వద్దన్నట్టు చేతులూపాడు, ఎవరూ చూడలేదు.

"మా అత్త," అంది కోడలు, మూకుడు మీంచి కళ్ళు తిప్పకుండా.

"మరి ఆవిడకెవరు నేర్పారు?"

"ఆవిడకొకళ్ళు నేర్పేదేంటి, పుట్టించిందే ఆవిడైతే!"

మాట నోరు దాటాక గానీ ఏం అన్నదో ఆమెకు తెలియలేదు. అప్పటికీ చెయ్యి ఆగలేదు. ఎముకలు కాచిన నీళ్ళు గిన్నెతో ఎత్తి మూకుట్లో పోసింది. బుస్సుమని ఆవిరి లేచింది. అది తేలిపోయాక తలెత్తి చూస్తే, యజమాని ఇంకా నవ్వుతూనే ఉన్నాడు గానీ ఆ నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"సరదా మనిషి లెండి," అన్నాడాయన. "రండి, హాల్లో కూర్చుందాం."

"ఆవిడ ఉన్నారా ఇప్పుడు?" రచయిత్రి గుమ్మంలో ఆగి అడిగింది.

"ఉంది," అంది కోడలు. అనకపోతే బాగుండేదని ఆ తర్వాత అనిపించింది.

వాళ్ళటు వెళ్ళగానే పెద్ద వంటమనిషి ఆమె మీద విరుచుకుపడ్డాడు. "నీ నోటికి తాళం లేదా? ఇన్నాళ్ళూ చెప్పిన మాటే ఇవాళ చెబితే నీ సొమ్మేం పోయేది? రేపట్నుంచి అంట్ల దగ్గర కూర్చో, హాయిగా ఉంటుంది." ఆయనకు ఆమె మీద కోపం కన్నా భయం ఎక్కువ. ఆమెను తీసేస్తే ఆ మూకుడు ముందు నిలబడగలిగిన వాళ్ళు ఆ వంటింట్లో ఇంకొకరు లేరు.

*

ఇంటికి వచ్చి జరిగింది చెబితే మొగుడు తల పట్టుకున్నాడు. అతను బస్సుల గ్యారేజీలో పనిచేస్తాడు, గోళ్ళలో నల్లటి నూనె ఎంత తోమినా పోదు.

"నిజం చెప్పి నువ్వేం బావుకుందామని? ఉన్న పని ఊడగొట్టుకోవడానికా?"

"చెప్పాలని చెప్పానా? ఉల్లిపాయల మీదుంది ధ్యాస. నోరు జారింది."

అత్త బకెట్లో వేడినీళ్ళు పోయించుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. కొడుకు అరుపులు పట్టించుకోకుండా కోడలి వైపు తిరిగింది. "ఏమే మొద్దూ, ఉల్లిపాయలు మాడాయా?"

"లేదు."

"అయితే మరేం ఫరవాలేదు."

కోడలికి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమెకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. గరిటె ఎలా తిప్పాలో అత్త మణికట్టు మీద కొట్టి కొట్టి నేర్పింది, ఒక్కనాడూ బాగుందని అనలేదు. బాగుంటే "ఊఁ" అనేది, అంతే. హాల్లో పెద్దయ్యగారి నిలువెత్తు ఫోటో కింద నుంచి రోజూ నడిచి వెళ్ళేటప్పుడు కోడలికి కడుపు మండిపోయేది. ఆయన కూర్చుని తిన్నాడు, ఈవిడ నిలబడి వండింది. పేరు మాత్రం ఆయనది.

"అసలు ఎలా చేశావత్తా మొదటిసారి?" అని అడిగింది నీళ్ళు మార్చి పోస్తూ. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడగాలని ఆమెకు తోచనే లేదు.

"పన్ను నొప్పే," అంది అత్త. "ఈ పక్క దవడ ఇంత లావు వాచింది. అప్పట్లో రొట్టెల అంచులు కోసేసి పనివాళ్ళకు వదిలేసేవాళ్ళు. అదే మా తిండి. గట్టిగా చెక్కలా ఉండేవి. అందరూ కరకర నములుతుంటే నేను చూస్తూ కూర్చోవాల్సొచ్చింది. ఒళ్ళు మండి, పారేసే ఎముకలు కాచి, నాలుగు ఉల్లిపాయలు వేయించి, అందులో అంచులు నానబెట్టా. మీ మామ పొయ్యి దగ్గర్నుంచి వచ్చి రుచి చూశాడు."

మామ అదే హోటల్లో రొట్టెలు కాల్చేవాడు. కోడలు ఆ ఇంట్లో అడుగు పెట్టడానికి కొద్ది నెలల ముందే పోయాడు. ఆమె ఫోటోలోనే చూసింది.

"చూసి ఏమన్నాడు?"

"చప్పగా చచ్చింది, మాడిన అంచు వెయ్యవే అన్నాడు. రొట్టెలు కాల్చేవాడికి మాడిన ముక్కంటే ఆశ. వేశా. అప్పుడొచ్చింది దానికి ప్రాణం. సగం ఆయనదే అనుకో." అత్త కాళ్ళు బయటికి తీసి తుడుచుకుంది. "తర్వాత వాసన పట్టి పెద్దయ్యగారు వంటింట్లోకొచ్చాడు. మా గిన్నె మాకు లేకుండా ఊడ్చి తిన్నాడు. ఆ వారమే కార్డు ఎక్కింది. ఎక్కేదాకా ఒక బాధ, ఎక్కాక ఇంకో బాధ. అంచులన్నీ సూప్‌కే సరిపోయేవి. పనివాళ్ళకు ఉడకబెట్టిన దుంపలు పెట్టడం మొదలెట్టారు. నువ్వు పన్ను పీకించుకుని ఉంటే మా రొట్టె మాకుండేదని నన్ను తిట్టని వాళ్ళు లేరు."

ఆ దుంపలే ఇప్పటికీ పెడుతున్నారు. పొద్దుగూకులూ వానసూప్ వండే కోడలు కూడా ఉప్పు చూడటానికి చెంచాడు తప్ప దాన్ని తినకూడదు.

"నీ పేరు ఎక్కడో ఒకచోట ఉండాలత్తా," అంది కోడలు.

"పేరెందుకే, కూట్లోకా కూరలోకా?" అంది అత్త. అని, కాళ్ళు తుడుచుకున్న గుడ్డ మడిచి పెట్టి, "మీ మామ పేరు కూడా వేయమను, వేసేదైతే," అంది.

*

మర్నాడు యజమాని కబురు పెట్టాడు. కోడలు ఏప్రన్ విప్పి మడిచి చేతిలో పట్టుకునే వెళ్ళింది, ఎలాగూ ఇచ్చేయమంటారు కదా అని. ఆయన గదిలో కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆ గదిలో కూర్చోమన్న మాట ఆమె ఎప్పుడూ వినలేదు. నిలబడే ఉంది.

"ఆ రచయిత్రి నిన్ను వదలడం లేదమ్మా," అన్నాడు వెన్నపూస లాంటి గొంతుతో. "రాత్రంతా ఆలోచించాను. నాన్నగారి కథ పాతబడిపోయింది. ఈ కాలం వాళ్ళకు పెద్దమనుషుల కథలు ఎక్కడం లేదు. వంటింట్లోంచి, పేదింట్లోంచి వచ్చిన కథ కావాలి. మీ అత్తగారిని తీసుకురా. ఫోటో తీయిద్దాం. హాల్లో నాన్నగారి పక్కనే పెడదాం. కొత్త కార్డులు అచ్చేయిద్దాం."

కోడలికి తను విన్నది నిజమేనా అనిపించింది.

"మాట్లాడేటప్పుడు నేను కాస్త అటూ ఇటూ సర్దుతాను. మీరు ఊఁ అంటే చాలు. సూప్ పొయ్యి ఇక నీదే, నీ చేతిలోంచి ఎవరూ తీసుకోరు."

సర్దడం గురించి ఆమె చెవికి ఎక్కనే లేదు. హాల్లో నాన్నగారి పక్కనే అన్న మాటే చెవుల్లో గింగురుమంటోంది. ఆ పూట ఉల్లిపాయలు వేయిస్తూ తనలో తనే నవ్వుకుంటుంటే, పెద్ద వంటమనిషి దూరం నుంచి అనుమానంగా చూశాడు.

ఇంట్లో చెప్పగానే మొగుడు కూడా మెత్తబడ్డాడు. గ్యారేజీలో నలుగురికీ చెప్పుకోవచ్చని అతని సంతోషం. అత్త మాత్రం బెట్టు చేసింది. "నా మొహం గోడకెక్కిస్తే వచ్చినవాళ్ళ ఆకలి చచ్చిపోతుంది. నేను రాను." ఆ మాట అన్న కాసేపటికే, మంచి కోటు ఏ పెట్టెలో ఉందని అడిగింది. దాని గుండీ ఒకటి వేలాడుతోందని కోడలు సూది దారం తెచ్చుకుని కూర్చుంటే, కుట్టు పైకి కనపడకూడదని పక్కన కూర్చుని రెండుసార్లు విప్పించింది.

*

మధ్యాహ్నం భోజనాల రద్దీ అయిపోయి, సాయంత్రం వాళ్ళు ఇంకా రాని సమయంలో అత్తను తీసుకొచ్చారు. కొడుకు సెలవు పెట్టి తల్లిని మెట్లెక్కించి, పని ఉందని వెళ్ళిపోయాడు. హాల్లో కిటికీ పక్క బల్ల దగ్గర రచయిత్రి, ఫోటోగ్రాఫరు, యజమాని ఉన్నారు. బల్ల మీద కొత్త గిన్నెలో వానసూప్ పొగలు కక్కుతోంది. అత్త ఆ హాల్లో బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి.

ఎవరూ తినమనకుండానే చెంచా అందుకుని ఒక గుక్క తాగింది. "ఇంత వెన్నెందుకు పోస్తున్నారే? ఎముక రుచి చచ్చిపోయింది," అంది కోడలితో. రచయిత్రి పకపకా నవ్వింది.

"చెప్పండమ్మా, మొదటిసారి ఎలా చేశారు?"

అత్త పన్ను నొప్పి సంగతి చెప్పింది. దవడ ఎలా వాచిందో చేత్తో చూపించింది. మామ మాడిన అంచు వేయమన్న మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులోనే చెప్పింది. రచయిత్రి నవ్వుతూ, చకచకా రాసుకుంటూ వింటోంది. ఆమె మొహం చూస్తే ఆ కథ ఆమెకు బాగా నచ్చిందని తెలుస్తూనే ఉంది. కోడలు కుర్చీ వెనక నిలబడి, ఇంతకన్నా మంచి రోజు తన బతుకులో రాదనుకుంది.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "పెద్దావిడ కదండీ, మొహమాటం. అసలు సంగతి ఎలా చెప్పుకుంటుంది? మా నాన్నగారు నాకు ఎన్నోసార్లు చెప్పారు. భర్త పోయి, చంకలో పసివాడితో, జోరువానలో ఈవిడ మా వెనక గుమ్మం దగ్గర నిలబడిందట. పిల్లవాడు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నాన్నగారు చూసి చలించిపోయి, లోపలికి రా తల్లీ, వంటిల్లు నీదే అనుకో అన్నారు. మిగిలిపోయిన ఎముకలు, రొట్టె అంచులు కాచి ఈ తల్లి తన బిడ్డ కడుపు నింపింది. వానసూప్ అసలు పుట్టుక అదీ."

ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు.

"నా మొగుడు అప్పటికి నిక్షేపంలా ఉన్నాడు," అంది అత్త. "పక్క గదిలో రొట్టెలు కాలుస్తున్నాడు. నా కొడుకు అప్పటికి పుట్టనే లేదు."

యజమాని నొచ్చుకోలేదు. జాలిగా తల ఊపాడు. "వయసు మీద పడింది కదండీ. ఒకదానికొకటి కలిసిపోతుంటాయి."

రచయిత్రి కలం పట్టుకుని ఒకసారి ఆయన్నీ ఒకసారి అత్తనీ చూసింది. తర్వాత తలెత్తి కోడలిని అడిగింది. "నాకు మొదట ఈ మాట చెప్పింది మీరే. ఇంట్లో మనిషి. మీరు చెప్పండి, ఏది రాసుకోమంటారు?"

యజమాని కింద పడ్డ రుమాలు తీసుకునే వంకతో కోడలి వైపు వంగాడు. "ఇది ఒప్పుకోకపోతే పాత కార్డే ఉంటుంది," అన్నాడు ఆమెకు మాత్రమే వినపడేలా. "మీ అత్త ఫోటో ఉండదు. నువ్వూ ఉండవు."

కోడలు గోడ వైపు చూసింది. గోడ మీద పెద్దయ్యగారి పక్కన ఖాళీ జాగా ఉంది, అక్కడ అప్పుడే మేకు కూడా కొట్టి ఉంచారు. సగమన్నా దక్కుతుంది కదా అనుకుంది. సూప్ ఈవిడే పుట్టించిందన్న మాటైనా మిగులుతుంది కదా అనుకుంది. ఇంటి అద్దె, అత్త మందులు, అంట్ల దగ్గర తడి నేల, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. నిజం బయటికొస్తోందని మూడు రోజుల నుంచీ మురిసిపోతున్న మనిషి, అందరి ముందూ అత్త భుజం మీద చెయ్యి వేసింది.

"అత్తా, నీకు సరిగ్గా గుర్తులేదేమో."

ఆ ఇంట్లో ఎప్పుడో చిరిగిన తువ్వాలు ఎవరు చింపారో కూడా చెప్పగల మనిషి అత్త. మెల్లగా మెడ తిప్పి కోడలి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. వేడి గిన్నె ముట్టుకున్న పిల్లని చూసినట్టు చూసింది. చెంచా గిన్నె పక్కన పెట్టింది.

"అవునమ్మా," అంది రచయిత్రితో. "పెద్దదాన్నయ్యాను. గుర్తుండి చావడం లేదు. అయ్యగారు చెప్పిందే అయ్యుంటుంది."

రచయిత్రి అప్పటిదాకా రాసుకున్న కాగితం తిప్పేసింది. ఆమె తప్పేం ఉంది, ఇంటివాళ్ళే కాదన్నాక! ఫోటోగ్రాఫరు ముందుకొచ్చి, గిన్నెలోకి చూడమన్నాడు, చేతులు గిన్నె చుట్టూ పెట్టమన్నాడు. మంచి కోటు వద్దన్నాడు, మరీ దర్జాగా ఉందట. కోడలే దాని గుండీలు విప్పి కోటు తీసి చేతి మీద వేసుకుంది.

*

కొత్త కార్డులు వచ్చాయి. సూప్ పేరు కూడా మార్చేశారు, ఇప్పుడది "అమ్మ గిన్నె". అత్త ఫోటో గోడకెక్కింది. కింద "ఒక పేదతల్లి" అని రాయించారు, పేరు లేదు. పెద్దయ్యగారి పేరు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది.

సాయంత్రం కోడలు ఒక కార్డు ఇంటికి తెచ్చింది. తేవాలని లేదు. తేకపోతే అత్త అడుగుతుందని తెచ్చింది. అత్తకు చదువు రాదు. మొగుడు బల్ల దగ్గర కూర్చుని తింటున్నాడు. ఆ రోజు గ్యారేజీలో ఎవరో అతన్ని, "వానలో ఏడ్చిన పసివాడివి నువ్వేనటగా" అని అడిగారట.

"చదువు," అంది అత్త.

కోడలు చదివింది. జోరువాన, వెనక గుమ్మం, పసివాడు.

"మధ్యలో ఒక ముక్క మింగేశావు."

"లేదత్తా."

"మింగావు. చదువు."

"భర్తను పోగొట్టుకుని, దిక్కులేనిదై..." కోడలు కార్డు దించేసింది. మొగుడు కంచం తీసుకుని లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"అత్తా, నన్ను తిట్టు," అంది కోడలు. "నాలుగు తిట్టు. కొట్టినా సరే."

అత్త ఆ మాట విననట్టే కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. "రేపట్నుంచి తినడానికొచ్చిన వాళ్ళు నిన్ను పిలిచి అడుగుతారు, మీ అత్త కథేంటి అని. చూడకుండా చెప్పడం వచ్చా?"

"నేను చెప్పను."

"చెప్పకపోతే తీసేస్తారు. తీసేస్తే నా పరువూ పోయి, నీ పనీ పోయి, రెంటికీ చెడతాం. కార్డు అక్కడ పెట్టు. నాకు చెప్పు, వింటా."

కోడలు కార్డు బల్ల మీద బోర్లించింది. మొదలు పెట్టింది. మామ పోయాడని చెప్పాల్సిన చోట ఆగిపోయింది.

"అక్కడ ఆగకు," అంది అత్త. "ఆగితే అనుమానం వస్తుంది. మళ్ళీ."

మళ్ళీ చెప్పింది. ఈసారి ఆ మాట తొందరగా అనేసి ముందుకు దూకింది.

"పరుగెత్తకు. అన్నీ ఒక్క తీరున రావాలి. మళ్ళీ."

కోడలు కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. జోరువాన కురుస్తోంది. మా మామ అప్పటికే పోయాడు. మా అత్త దిక్కులేనిదై, చంకలో పిల్లవాడితో హోటల్ వెనక గుమ్మం దగ్గర నిలబడింది. పెద్దయ్యగారు చూసి చలించిపోయారు. చివరిదాకా చెప్పింది, ఎక్కడా తడబడలేదు.

"ఊఁ," అంది అత్త.